విలియం ఫ్రూడ్

విలియం ఫ్రూడ్ (నవంబర్ 28, 1810 - మే 4, 1879) ఇంగ్లాండుకు చెందిన ఇంజనీరు, నౌకా నిర్మాణ శాస్త్రవేత్త. నీటిలో సాగే ఓడకు ఎదురయ్యే నిరోధాన్ని చిన్న నమూనాల సహాయంతో ముందుగానే లెక్కగట్టే పద్ధతిని ఈయన రూపొందించాడు. ఓడలో నీటిని తాకుతూ ఉండే దేహాన్ని నౌకా పరిభాషలో హల్ అంటారు. ఏ ఆకారం గల హల్‌ను ఎంత వేగంతో నడపడానికి ఎంత బలం కావాలో, ఓడను కట్టకముందే చెప్పడం ఈయనతోనే సాధ్యమైంది. ద్రవగతి శాస్త్రంలోని ఫ్రూడ్ సంఖ్యకు ఈయన పేరే పెట్టారు. మన ఇంజనీరింగు కళాశాలల్లో దీనిని 'ఫ్రౌడ్ సంఖ్య' అని పలకడం వాడుకలో ఉంది కాని, ఆ కుటుంబం పేరును 'ఫ్రూడ్' అనే పలుకుతారు.

బాల్యం, కుటుంబం

ఫ్రూడ్ ఇంగ్లాండు నైరుతి భాగంలోని డెవాన్ ప్రాంతంలో, డార్టింగ్టన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ హరెల్ ఫ్రూడ్ ఆంగ్లికన్ చర్చిలో ఉన్నత పదవిలో ఉన్న మతాధికారి. అన్న రిచర్డ్ హరెల్ ఫ్రూడ్ ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం అని పేరుపడిన మతోద్యమంలో ముఖ్యుడు. తమ్ముడు జేమ్స్ ఆంథొని ఫ్రూడ్ చరిత్రకారుడు, కార్లైల్ జీవిత చరిత్రను వ్రాసినవాడు. ఆ కాలపు పాఠకులకు ఈ ముగ్గురిలో అందరికన్న తక్కువ తెలిసినవాడు విలియమే.

వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డ్‌లోని ఓరియల్ కళాశాలలోను చదివి, 1832లో గణితంలో ప్రథమ శ్రేణితో పట్టభద్రుడయ్యాడు. 1839లో కేథరిన్ హోల్డ్స్‌వర్త్‌ను వివాహమాడాడు. ఓరియల్ కళాశాలకే చెందిన జాన్ హెన్రీ న్యూమన్ ఈ దంపతులకు ఆప్తమిత్రుడు. న్యూమన్ కేథలిక్ మతంలో చేరిన కొన్నేళ్ళకు, 1857లో, కేథరిన్ కూడ అదే మార్గంలో నడిచింది. ఫ్రూడ్ మాత్రం మారలేదు. ఎంతటి నమ్మకానికైనా సందేహానికి తావు మిగిల్చి ఉంచాలనేది ఈయన వైఖరి. ఈ విషయమై న్యూమన్‌తో దశాబ్దాలపాటు ఉత్తరాల ద్వారా వాదించినా వారి స్నేహం చెడలేదు. పరీక్షించి చూడనిదే దేనినీ ఒప్పుకోని ఈ స్వభావమే తరువాత ఓడల విషయంలోను కనిపిస్తుంది.

రైలు మార్గాల ఇంజనీరు

ఫ్రూడ్ మొదట రైలు మార్గాల సర్వేలో పనిచేసి, 1837లో ప్రఖ్యాత ఇంజనీరు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ క్రింద బ్రిస్టల్ - ఎక్సెటర్ రైలు మార్గ నిర్మాణంలో చేరాడు. తిన్నని పట్టాల మీద వచ్చే రైలు ఒక్కసారిగా వంపులోకి ప్రవేశిస్తే పెట్టెలు ప్రక్కకు విసిరినట్లు కుదుపుకు లోనవుతాయి. తిన్నని దారికి, వంపుకు నడుమ క్రమక్రమంగా వంగే ఒక సంధి వక్రాన్ని ఈయన ప్రతిపాదించాడు.

1846లో, ఇంకా 36 ఏళ్ళు నిండకముందే, తండ్రి అనారోగ్యం వలన ఉద్యోగం మానుకొని డార్టింగ్టన్ చేరాడు. 1859లో తండ్రి మరణించేవరకు అక్కడే ఎక్కువ కాలం గడిపాడు. ఇంటిపట్టున ఉంటూ తనకిష్టమైన ప్రయోగాలు చేసుకోవడానికి తగిన ఆస్తి ఆ కుటుంబానికి ఉంది.

ఓడల ఊగిసలాట

బ్రూనెల్ అప్పుడు గ్రేట్ ఈస్టర్న్ అనే బ్రహ్మాండమైన ఇనుప ఓడను కట్టిస్తున్నాడు. అంత పెద్ద ఓడ సముద్రంలో ప్రక్కలకు ఎట్లా ఊగుతుందో ఎవరికీ తెలియదు. ఆ సంగతి పరిశీలించమని ఆయన తన పాత సహాయకుడిని కోరాడు. ఆ విధంగా ఫ్రూడ్ ఓడల శాస్త్రంలోకి వచ్చాడు.

అల వచ్చి ఓడ ప్రక్కను కొట్టడం వలన ఓడ ఒరుగుతుందని అంతవరకు చాలామంది భావించేవారు. అల ఏటవాలుగా ఉన్నప్పుడు ఓడ ఆ వాలుకు అనుగుణంగా ఒరగడానికి ప్రయత్నిస్తుందని ఫ్రూడ్ 1861లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ నేవల్ ఆర్కిటెక్ట్స్‌కు సమర్పించిన పత్రంలో నిరూపించాడు. ఓడ సహజంగా ఒక్కసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే కాలం, అలలు వచ్చే కాలం ఒకటైతే, సమయానికి తోసిన ఉయ్యాల వలె ఊపు అంతకంతకు పెరుగుతుంది. ఈ ఊపును తగ్గించడానికి హల్ అడుగు వంపుల వెంట ఇరువైపులా పొడవాటి రెక్కల వంటి పలకలను అమర్చాలని ఈయన సూచించాడు. బిల్జ్ కీల్ అని పిలువబడే ఈ పలకలు నేటి ఓడలలోను ఉన్నాయి.

అంతకు ముందటి పరిస్థితి

ఓడ ఆకారాన్ని అనుభవంతో, కంటి అంచనాతో నిర్ణయించడం ప్రపంచమంతటా ఉన్న ఆచారమే. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మను నాణాలపై ముద్రించిన శాతవాహనుల కాలం నుండి, కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం ఇచ్చిన మోటుపల్లి రేవు మీదుగా, గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఓడల వరకు ఆంధ్ర తీరంలోనూ వడ్రంగుల చేతివాటమే ఆధారం. గాలితో నడిచే ఓడకు ఇది సరిపోయింది. గాలి ఎంత నెడితే అంత పోతుంది. తప్పు జరిగితే ప్రయాణం కొంత ఆలస్యమవుతుంది, అంతే.

ఆవిరి యంత్రం రావడంతో చిక్కు వచ్చింది. ఇంత వేగానికి ఎంత శక్తి గల యంత్రం పెట్టాలి, ఎంత బొగ్గు మోయాలి అనేవి ఓడ కట్టకముందే తేల్చవలసిన ప్రశ్నలయ్యాయి. యంత్రం చాలకపోతే ఓడ అనుకున్న వేగం అందుకోదు. మితిమీరితే ఆ బరువుకు, బొగ్గుకే చోటంతా పోతుంది. ఇనుప కవచాలు తొడిగిన యుద్ధనౌకలపై బ్రిటన్ పెద్దయెత్తున ధనం వెచ్చిస్తున్న కాలంలో కూడ ఈ లెక్క ఊహమీదనే నడిచింది.

చిన్న నమూనాలను నీటిలో లాగి చూడడం ఫ్రూడ్‌కు ముందే ఉంది. అయితే ఆ ఫలితాలను పెద్ద ఓడకు హెచ్చించి చూస్తే లెక్క తప్పేది. కనుక నమూనాల మీద విశ్వాసం పోయింది. ఆ రోజుల్లో పలుకుబడి గల నౌకా నిర్మాత జాన్ స్కాట్ రస్సెల్. ఈయన స్కాట్లాండు కాలువలో పడవ ఆగినా ఆగకుండా సాగిపోయిన ఒంటరి అలను గుర్రంపై వెంబడించి చూసినవాడు. ఓడ ముందు భాగపు రేఖలు ఒక ప్రత్యేకమైన అల ఆకారంలో ఉంటే నిరోధం అతి తక్కువగా ఉంటుందని ఈయన సిద్ధాంతం. చాలామంది దానిని అంగీకరించారు కూడ.

స్వాన్, రేవెన్

ఫ్రూడ్ 1867లో స్వంత ఖర్చుతో రెండు రకాల నమూనాలు చేయించాడు. ఒకదాని పేరు స్వాన్, అనగా హంస. దీని కొనలు గుండ్రంగా, మొద్దుగా ఉండేవి. రెండవది రేవెన్, అనగా ఒక జాతి పెద్ద కాకి. దీని కొనలు రస్సెల్ సిద్ధాంతానికి తగినట్లు సన్నగా, పదునుగా ఉండేవి. ఒక్కొక్క ఆకారాన్ని 3, 6, 12 అడుగుల పొడవులతో మూడేసి నమూనాలుగా చేయించాడు. డార్ట్ నదిలో ఒక ఆవిరి పడవకు ఇరుప్రక్కల దూలాలు కట్టి, వాటికి ఈ నమూనాలను తగిలించి, జంటగా లాగి, ఒక్కొక్క దానిపై పడే బలాన్ని కొలిచాడు.

తక్కువ వేగంలో రేవెన్‌కు నిరోధం తక్కువగా ఉంది. వేగం పెరిగినపుడు మొద్దు కొనల స్వాన్‌దే పైచేయి అయింది. అన్ని వేగాలకు సరిపడే ఆదర్శ రూపం ఒకటి ఉందన్న నమ్మకం దీనితో దెబ్బతిన్నది.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఈయన కంటబడింది. ఒకే ఆకారం గల 3 అడుగుల నమూనా, 12 అడుగుల నమూనా రెండూ ఒకే వేగంతో పోతే వాటి చుట్టూ లేచే అలల తీరు వేరుగా ఉంటుంది. కాని పెద్దదానిని చిన్నదానికి రెట్టింపు వేగంతో లాగితే, అలల చిత్రం అచ్చుగుద్దినట్లు ఒకటే, పరిమాణం మాత్రమే నాలుగింతలు. పొడవు నాలుగు రెట్లు, వేగం రెండు రెట్లు. అనగా వేగాలు పొడవుల వర్గమూలాల నిష్పత్తిలో ఉండాలి.

దీనిని మన తీరానికి అన్వయించి చూడవచ్చును. ఒంగోలు సమీపాన కొత్తపట్నం ఒడ్డున 9 మీటర్ల పడవ ఒకటి ఉన్నదని, సరిగ్గా అదే ఆకారంలో 144 మీటర్ల ఓడ ఒకటి దూరాన పోతున్నదని అనుకుందాం. పొడవుల నిష్పత్తి 16, దాని వర్గమూలం 4. ఓడ సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతుంటే, పడవ సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయినప్పుడు రెండింటి అలలు ఒకే తీరుగా ఉంటాయి. వేగాన్ని, గురుత్వ త్వరణం పొడవుల లబ్ధం యొక్క వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే ఫ్రూడ్ సంఖ్య. పై ఉదాహరణలో రెండింటికీ ఇది సుమారు 0.21.

ఈ పోలిక సూత్రాన్ని ఫ్రాన్సులో ఫెర్డినాండ్ రీచ్ అంతకుముందే గణితపరంగా చెప్పి ఉన్నాడు. అయితే దానిని ఓడ నిరోధం కొలిచే పనిముట్టుగా మలచిన ఘనత ఫ్రూడ్‌దే.

నిరోధంలో రెండు భాగాలు

పాత నమూనా లెక్కలు ఎందుకు తప్పాయో ఫ్రూడ్ కనిపెట్టాడు. ఓడకు ఎదురయ్యే నిరోధం ఒక్కటి కాదు. నీరు హల్ పైతలాన్ని రాసుకుంటూ పోవడం వలన కలిగే ఘర్షణ ఒకటి. ఓడ తన చుట్టూ అలలను లేపడానికి వ్యయమయ్యే శక్తి మరొకటి. అలల భాగం పై సూత్రాన్ని పాటిస్తుంది, ఘర్షణ పాటించదు. రెండింటినీ కలిపి హెచ్చిస్తే తప్పు వచ్చి తీరుతుంది.

కనుక నమూనాపై మొత్తం నిరోధాన్ని కొలవాలి. నమూనా ఘర్షణను విడిగా లెక్కించి అందులో నుండి తీసివేయాలి. మిగిలిన దానిని పోలిక సూత్రం ప్రకారం పెద్ద ఓడకు హెచ్చించాలి. నమూనా 16వ వంతు అయితే ఈ మిగులును 16 యొక్క ఘనంతో, అనగా 4,096తో గుణించాలి. చివరకు పెద్ద ఓడకు తగిన ఘర్షణను కలపాలి. చూడడానికి ఇది కూడికలు తీసివేతల పనే. కాని అంతవరకు ఎవరికీ తోచలేదు.

కమిటీలో ఒంటరి

ఫ్రూడ్ 1868లో నౌకాదళ ప్రధాన నిర్మాత ఎడ్వర్డ్ రీడ్‌కు తన ఆలోచనను తెలిపి, నమూనాల పరీక్షకు ఒక తొట్టి కట్టించమని ప్రతిపాదించాడు. దాదాపు అదే సమయంలో ఓడల నిరోధంపై బ్రిటిష్ అసోసియేషన్ ఒక కమిటీని వేసింది. ఫ్రూడ్ అందులో సభ్యుడు. మహామేధావి రేంకిన్ కూడ సభ్యుడే. నమూనాలతో ప్రయోజనం లేదని, నిజమైన ఓడలనే లాగి చూడాలని కమిటీ 1869లో తేల్చింది. ఫ్రూడ్ ఒక్కడే దానితో విభేదించి తన అభిప్రాయాన్ని విడిగా నమోదు చేయించాడు. మరుసటి ఏడు నౌకా నిర్మాతల సభలో స్కాట్ రస్సెల్ కూడ ఇటువంటి ప్రయోగాలు వినోదానికే గాని పనికిరావని తేలికచేశాడు.

అయినా రీడ్ సిఫారసు మేరకు నౌకాదళ శాఖ 1870లో 2,000 పౌండ్లు మంజూరు చేసింది. ఫ్రూడ్ తన శ్రమకు జీతం పుచ్చుకోలేదు. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. కమిటీ కోరిన నిజమైన ఓడ పరీక్షను కూడ ఈయన తప్పించుకోలేదు, తానే పూనుకొని చేశాడు. తన నమూనాల మాట నిజమో కాదో తేల్చగలిగేది ఆ పరీక్షే.

గ్రేహౌండ్ పరీక్ష

1871లో సుమారు 172 అడుగుల పొడవు గల గ్రేహౌండ్ అనే యుద్ధనౌకను యాక్టివ్ అనే మరొక నౌకతో లాగించారు. ముందుపోయే ఓడ వెనుక రేగిన నీటిలో చిక్కుకోకుండా ఉండడానికి, యాక్టివ్ ప్రక్కనుండి పొడవైన దూలాన్ని బయటకు చాచి, దాని కొనకు త్రాడు కట్టారు. త్రాటిపై పడే లాగుడు బలాన్ని ఫ్రూడ్ తయారుచేసిన డైనమోమీటరు నమోదు చేసింది. తరువాత అదే ఓడకు 16వ వంతు నమూనా చేసి తొట్టిలో లాగారు.

రెండు వక్రరేఖలు ఒకే తీరున నడిచాయి. నిజమైన ఓడ నిరోధం కొద్దిగా ఎక్కువగా కనిపించింది. పాతబడి గరుకెక్కిన రాగి తొడుగు వలన పెరిగిన ఘర్షణ దీనికి కారణమని ఫ్రూడ్ లెక్కతో చూపాడు. మరొక సంగతి కూడ ఈ పరీక్షలో వెల్లడయింది. యంత్రంలో పుట్టే శక్తిలో సగమైనా ఓడను ముందుకు నడపడానికి ఉపయోగపడడం లేదు. మిగిలినదంతా యంత్రపు రాపిడికి, ప్రొపెల్లరు వద్ద జరిగే నష్టాలకు పోతున్నది. ఈ వివరాలను 1874లో ప్రకటించాడు.

టార్కీ తొట్టి

తొట్టిని టార్కీ పట్టణంలో తన ఇల్లు చెల్స్టన్ క్రాస్ దగ్గరనే కట్టించాడు. పొడవు 278 అడుగులు (సుమారు 85 మీటర్లు), వెడల్పు 36 అడుగులు, లోతు 10 అడుగులు. గాలి సోకకుండా పైన కప్పు వేయించాడు. నీటికి పైగా పట్టాలపై ఒక బండి, ఆ బండిని త్రాటితో లాగే ఆవిరి యంత్రం, బండి క్రింద నమూనా, నమూనాకు బండికి నడుమ బలాన్ని కొలిచే పరికరం ఉండేవి. 1872 మార్చిలో పరీక్షలు ప్రారంభమయ్యాయి.

నమూనాలను కొయ్యకు బదులు పారఫిన్ మైనంతో పోతపోయించాడు. మైనం నీరు పీల్చదు, సులువుగా చెక్కవచ్చును, పని అయ్యాక కరిగించి మరొక ఆకారం పోయవచ్చును. కాగితంపై గీసిన రేఖలను అనుసరించి మైనాన్ని కోసే యంత్రాన్ని కూడ ఈయనే తయారుచేశాడు. నేడు చిన్నదిగా కనిపించే ఈ మార్పు వలన ఒక హల్‌ను స్వల్పంగా మార్చి మళ్ళీ మళ్ళీ పరీక్షించడం వీలయింది. పనిలో కుమారుడు రాబర్ట్ ఎడ్మండ్ ఫ్రూడ్, బ్రూనెల్ కుమారుడు హెన్రీ తోడ్పడేవారు.

ఘర్షణను విడిగా తెలుసుకోవడానికి 2 అడుగుల నుండి 50 అడుగుల వరకు పొడవు గల పలుచని పలకలను నిలువుగా ముంచి లాగాడు. కొన్నిటికి వార్నిషు, కొన్నిటికి తగరపు రేకు, కొన్నిటికి గుడ్డ, కొన్నిటికి ఇసుక అంటించాడు. ఘర్షణ వేగపు వర్గంతో పెరుగుతుందని అందరూ అనుకునేవారు. వార్నిషు పూసిన 50 అడుగుల పలక విషయంలో అది వేగపు 1.83 ఘాతంతోనే పెరిగింది. పలక పొడవు పెరిగిన కొద్దీ చదరపు అడుగుకు పడే ఘర్షణ తగ్గింది. ముందు భాగం నీటిని కొంత తనతో ఈడ్చుకుపోవడం వలన వెనుక భాగానికి రాపిడి తక్కువవుతుందని ఫ్రూడ్ వివరించాడు. ఆస్బోర్న్ రేనాల్డ్స్ ప్రసిద్ధ ప్రయోగాలు వెలువడినది 1883లో. ఫ్రూడ్ కొలతలు అంతకు పదేళ్ళ ముందటివి.

1877లో మరొక ఆసక్తికరమైన ఫలితం బయటపడింది. ముందు, వెనుక కొనలను మార్చకుండా నడుమ తిన్నని భాగాన్ని కొంచెం కొంచెంగా పొడిగిస్తూ పరీక్షించగా, అలల నిరోధం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతూ పోయింది. ముందు మొన వద్ద పుట్టిన అల వెనుకకు వచ్చేసరికి, వెనుక పుట్టే అలతో శిఖరానికి శిఖరం కలిస్తే నిరోధం పెరుగుతుంది, శిఖరం పల్లంతో కలిస్తే తగ్గుతుంది. కాబట్టి ఓడ ఎంత వేగంతో నడవాలో ముందు నిర్ణయించుకుంటే, దానికి తగిన పొడవును ఎంచుకోవచ్చును. ఓడల ముక్కు క్రింద ఉండే ఉబ్బెత్తు గుబ్బ కూడ ఇటువంటి అలల కలయిక పైనే ఆధారపడుతుంది. అది వచ్చినది మాత్రం 20వ శతాబ్దంలో.

ఇదే సంవత్సరంలో పెద్ద యంత్రాల శక్తిని నీటి సహాయంతో కొలిచే హైడ్రాలిక్ డైనమోమీటరును రూపొందించాడు. అంతకు ముందు 1876లో ఈయనకు రాయల్ సొసైటీ వారి రాయల్ మెడల్ లభించింది.

మరణం

1878లో భార్య కేథరిన్ మరణించింది. ఎడతెగని పని, ఆ పైన ఈ దుఃఖం వలన ఫ్రూడ్ బాగా నీరసించాడు. విశ్రాంతి కొరకు నౌకాదళం అతిథిగా బోడిసియా అనే యుద్ధనౌకలో దక్షిణాఫ్రికా వెళ్ళాడు. తిరుగు ప్రయాణానికి ముందు రక్త విరేచనాలు సోకి 1879 మే 4న సైమన్స్ టౌన్‌లో మరణించాడు. అక్కడనే పూర్తి నౌకాదళ లాంఛనాలతో ఖననం చేశారు.

తరువాత

తొట్టి బాధ్యతను కుమారుడు రాబర్ట్ ఎడ్మండ్ చేపట్టాడు. 1886లో ఆ పని హస్లర్ అనే చోట కట్టిన మరింత పెద్ద తొట్టికి మారింది. స్కాట్లాండులోని డంబార్టన్‌లో విలియం డెన్నీ సంస్థ ఫ్రూడ్ పద్ధతిలోనే 1883లో ఒక తొట్టి కట్టింది. ఒక వాణిజ్య నౌకా నిర్మాణ సంస్థ కట్టిన మొదటి తొట్టి ఇదే, తరువాతి కాలంలో దీనిని మ్యూజియంగా మార్చారు. ఫ్రూడ్ ఘర్షణ అంకెల స్థానంలో 1957లో అంతర్జాతీయంగా వేరొక సూత్రం వచ్చింది. నిరోధాన్ని రెండుగా విడదీసి లెక్కించే పద్ధతి మాత్రం పోలేదు. కంప్యూటరుతో హల్‌ను రూపొందిస్తున్న ఈ రోజుల్లోను చివరి పరీక్ష సాధారణంగా తొట్టిలోనే జరుగుతుంది.

ఆంధ్ర ప్రదేశ్‌లో, విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీలో సుమారు 500 మీటర్ల పొడవు గల టోయింగ్ ట్యాంకు ఉంది. భారత నౌకాదళపు ఓడల నమూనాలను ఇందులో లాగి నిరోధాన్ని కొలుస్తారు. టార్కీ తొట్టికి ఇది దాదాపు ఆరు రెట్ల పొడవు.

ఫ్రూడ్ సంఖ్య ఓడలకే పరిమితం కాలేదు. నాగార్జునసాగర్ కుడికాలువ క్రింద పెరిగిన విద్యార్థి దీనిని ఎక్కువగా కాలువల పాఠంలోనే చదువుతాడు. అక్కడ పొడవుకు బదులు నీటి లోతును తీసుకుంటారు. తలుపు క్రింద నుండి దూసుకువచ్చే పలుచని వడి ప్రవాహంలో ఈ సంఖ్య 1 కంటె ఎక్కువ, నింపాదిగా సాగే లోతైన ప్రవాహంలో 1 కంటె తక్కువ. మొదటిది రెండవదిగా మారే చోట నీరు నురగలు కక్కుతూ పైకి లేస్తుంది. ఆనకట్టల స్పిల్‌వేలను కట్టకముందు నమూనాలపై పరీక్షించేటప్పుడు కూడ వేగాలను పొడవుల వర్గమూలాల నిష్పత్తిలోనే ఉంచుతారు.